బల్లార్‌పూర్ బొగ్గు పొరల్లో దొరికిన ఆకుకి పేరు ఎంతవరకు పెట్టవచ్చు

బల్లార్‌పూర్, రాజురా, ఘుగ్గుస్ వైపు ఓపెన్‌కాస్టు గనుల చుట్టుపక్కల ఉండేవాళ్లకు ఇది తెలిసిన సంగతే. ఓబీ గుట్ట, అంటే బొగ్గు మీది మట్టీ రాళ్లూ తవ్వి పోసిన గుట్ట, మీంచి జారిపడ్డ బూడిదరంగు పలకరాయిని అంచు మీద నిలబెట్టి ఉలితో తట్టితే పుస్తకం తెరిచినట్టు విడిపోతుంది, లోపల నల్లటి ఆకు కనిపిస్తుంది. చూసినవాళ్లంతా ముందుగా అడిగేది అది ఏ చెట్టు ఆకు అని. అది గ్లాసోప్టెరిస్ అనో, గంగమోప్టెరిస్ అనో (ఇవి ఈ బొగ్గు కాలపు ఆకులకు పెట్టిన ప్రజాతి పేర్లు, ఒక్కో ప్రజాతిలో పలు జాతులుంటాయి) చెప్పడానికి మంచి ముక్క, 10ఎక్స్ భూతద్దం, కాస్త ఓపిక చాలు. అది ఫలానా జాతి అని ఖాయం చేయడం మాత్రం వేరే స్థాయి పని. చేతిలో ఉన్న ముక్క చాలాసార్లు అంతదాకా రానివ్వదు. ఎక్కడ ఆగాలో తెలియడమే ఈ విద్యలో సగం అని నా నమ్మకం. అందుకే ఈ టపాలో పేరు పెట్టే పద్ధతితో పాటు ఆగాల్సిన చోట్లు కూడా రాస్తున్నాను.

ఆకు కంటే ముందు రాయిని చదవాలి. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా వార్ధా లోయ బొగ్గు బరాకర్ అనే పొరల్లో ఉంది. దాని అడుగున తాల్చీర్, పైన కామ్థీ. ఇవన్నీ పెర్మియన్ కాలం చుట్టూ తిరిగే రాళ్లు. అంటే సుమారు 29.9 కోట్ల ఏళ్ల నుంచి 25.2 కోట్ల ఏళ్ల వెనకటి మధ్య. బరాకర్‌లో బూడిదరంగు, నలుపు షేల్, అంటే పలుచటి పొరలుగా విడిపోయే మట్టిరాయి, ఉంటుంది. అందులో ఆకు నల్లటి బొగ్గు పొరగా మిగులుతుంది. కామ్థీ రాళ్లు ఎరుపు, పసుపు, తుప్పు రంగుల్లో ఉంటాయి. అక్కడ బొగ్గు పదార్థం సాధారణంగా మిగలదు, ముద్ర మాత్రమే దొరుకుతుంది. ఈ తేడా మొదట్లోనే రాసుకోవాలి, ఎందుకంటే ఏ పరీక్ష చేయగలం, ఏది చేయలేం అన్నది దీని మీదే ఆధారపడుతుంది. ప్రాణహిత వెంట కిందికి, సిరొంచ వైపు వస్తే రాళ్ల వయసు మారిపోతుంది. అక్కడి కోట పొరలు పెర్మియన్ తర్వాత చాలాకాలానికి వచ్చిన జురాసిక్ కాలంవి. వాటిలో గ్లాసోప్టెరిస్ కోసం వెతకడం వృథా. సిరొంచ దగ్గర వడధం శిలాజ పార్కులో ఉన్న రాతి మానుల నుంచి చిన్న పెచ్చు కూడా తీయకూడదు. గనుల్లోకి, గుట్టల మీదికి మేనేజర్ అనుమతి లేకుండా వెళ్లొద్దు. వానాకాలంలో ఓబీ గుట్ట ఎప్పుడు జారుతుందో ఎవరూ చెప్పలేరు.

గుట్టలో దొరికిన రాయికి ఒక పెద్ద లోటు ఉంటుంది. అది ఏ పొర నుంచి వచ్చిందో తెలియదు. ఆ గుట్టకు మట్టి ఏ బెంచి (గనిలో తవ్విన మెట్టు) నుంచి తోలారో గనిలో పనిచేసేవాళ్లను అడిగితే చాలావరకు తెలుస్తుంది. బొగ్గు సీముకు (బొగ్గు పొరకు) పైనా కిందా, ఎన్ని మీటర్ల దూరం అన్నది కూడా తెలిస్తే అదే రోజు రాసుకోవాలి. ఊరు, అక్షాంశ రేఖాంశాలు, పొర పేరు, తేదీ, రాయి పొరలో ఉండగా తీసిందా గుట్టలో ఏరిందా అన్న మాట, ఇవన్నీ లేని శిలాజం ఎంత అందంగా ఉన్నా పరిశోధనకు పనికిరాదు.

ఇక రాయిని చీల్చడం. పలకను అంచు మీద నిలబెట్టి, పొరల గీత మీద వెడల్పు ఉలి ఆనించి, చుట్టూ తిప్పుతూ చిన్న చిన్న దెబ్బలు వేయాలి. ఒకేచోట గట్టిగా కొడితే రాయి పొర వెంట విడిపోకుండా అడ్డంగా పగులుతుంది. విడిపోయాక రెండు సగాలూ దాచాలి. ఒకదానిలో ఆకు, రెండోదానిలో దాని ఎదురు ముద్ర ఉంటుంది. ఒక సగంలో చెదిరిన కొన రెండో సగంలో పూర్తిగా ఉండొచ్చు. రెండింటికీ ఒకే నంబరు వేసి పక్కన అ, ఆ అని రాస్తే కలగాపులగం కావు.

గని నుంచి కొత్తగా వచ్చిన షేల్‌లో తేమ ఉంటుంది. మే నెలలో 45 డిగ్రీలు దాటే చంద్రపూర్ ఎండలో దాన్ని మిద్దె మీద ఆరబెడితే సాయంత్రానికి పొరలు పొరలుగా లేచిపోతుంది, బొగ్గు పొర పెచ్చులై ఊడిపోతుంది. పాత వార్తాపత్రికలో చుట్టి, మూతి కొద్దిగా తెరిచిన కవరులో పెట్టి, నీడలో కొన్ని వారాలు మెల్లగా ఆరనివ్వాలి. కుళాయి కింద కడగడం ఇంకా పెద్ద తప్పు. మట్టిపాలు ఎక్కువున్న షేల్ నీళ్లు తగలగానే బురదవుతుంది. మెత్తటి పొడి బ్రష్షు చాలు. నిగనిగలాడాలని కొబ్బరి నూనె, వార్నిషు పూసేవాళ్లున్నారు. అది లోపలికి ఇంకిపోతుంది, మళ్లీ తీయలేం, ఆ తర్వాత ఆ ఆకు మీద ఏ రసాయన పరీక్షా చేయలేం. ముక్కలైపోతున్న రాయిని నిలబెట్టాలంటే పారలాయిడ్ బి-72 అనే రెసిన్‌ని అసిటోన్‌లో పలుచగా కలిపి పూస్తారు. అదైతే అవసరమైనప్పుడు అసిటోన్‌తోనే తీసేయొచ్చు. అది కూడా ఆకులో కొంత భాగం ముట్టకుండా వదిలి, మిగతా చోటే వాడాలి. బొగ్గు షేల్‌లో కొన్నిసార్లు పైరైట్ అనే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం ఉంటుంది. తేమ తగిలితే అది తెల్లటి, పసుపు పొడిగా పూసి, ఆమ్లం పుట్టించి రాయిని తినేస్తుంది. వానాకాలంలో డబ్బాలో సిలికా జెల్ పెట్టడం అందుకే.

అంతా సిద్ధమయ్యాక వెలుతురు సంగతి. నడినెత్తి మీద ట్యూబులైటు కింద చూస్తే ఈనెలు కనబడవు. ఆకుకు ఎడమవైపు పైనుంచి, రాతికి దాదాపు ఆనుకున్నంత వాలుగా, 15 నుంచి 20 డిగ్రీల కోణంలో టార్చి వేస్తే ప్రతి ఈనె నీడతో లేచి నిలబడుతుంది. తర్వాత టార్చిని మెల్లగా చుట్టూ తిప్పాలి. ఒక దిశ వెలుతురులో దాక్కున్న ఈనె ఇంకో దిశలో బయటపడుతుంది. బొగ్గు పొర ఉన్న ఆకుకైతే కొద్దిగా స్పిరిట్ చిన్న బ్రష్షుతో తడిపితే ఆకుకీ రాతికీ మధ్య రంగు తేడా పెరుగుతుంది, నిమిషంలో ఆరిపోతుంది. ముందు ఒక మూల వేసి చూసుకోవాలి. ఫొటోలో పక్కన స్కేలు తప్పనిసరి. స్కేలు లేని శిలాజం ఫొటో వాట్సాప్‌లో పంపి పేరు చెప్పమంటే ఎవరైనా చెప్పేది ఊహే.

ఇప్పుడు అసలు పని. ఆకు ఆకారం చూసి పేరు పెట్టొద్దు. నాలుక ఆకారం, అంచున పళ్లు లేకపోవడం ఈ రాళ్లలో చాలా ఆకులకు ఉమ్మడి లక్షణం. పేరు ముఖ్యంగా తేల్చేవి రెండు: నడిమి ఈనె ఉందా, పక్క ఈనెలు ఒకదాంతో ఒకటి కలిసి వల అల్లాయా.

నడిమి ఈనె స్పష్టంగా ఉండి, పక్క ఈనెలు కలుస్తూ విడిపోతూ వలగా ఉంటే గ్లాసోప్టెరిస్. వల ఉండి నడిమి ఈనె లేకపోతే, మధ్యలో దాదాపు సమాంతరంగా సాగే సన్నటి ఈనెలు మాత్రమే ఉంటే గంగమోప్టెరిస్. నడిమి ఈనె ఉన్నా పక్క ఈనెలు ఎక్కడా కలవకుండా అంచుదాకా విడివిడిగా పోతే రాబ్డోటీనియా. నడిమి ఈనె లేదు, వల కూడా లేదు, పట్టీలాంటి ఆకులో ఈనెలు చీలుతూ సమాంతరంగా పైకి పోతున్నాయంటే అది నోగెరాతియోప్సిస్. ఆకు అడుగు బాణం మొనలా రెండు పక్కలా కిందికి దిగి, అక్కణ్నుంచి మూడు ప్రధాన ఈనెలు లేస్తే బెలెమ్నోప్టెరిస్. అది అరుదు. కనిపిస్తే రాయిని అక్కడే వదిలిపెట్టకండి.

వల ఉందని తేల్చడానికి ఒక్కటే నమ్మకమైన దారి. ఒక ఈనెను నడిమి ఈనె దగ్గర పట్టుకుని, భూతద్దం కింద సూది మొనతో రాతికి తగలకుండా దాని దారి వెంటే అంచుదాకా పోవాలి. దారిలో అది పక్క ఈనెతో కలిసి మళ్లీ విడిపోతే అది ఒక గడి. ఆకులో వేర్వేరు చోట్ల ఇలా కనీసం మూడు కలయికలు చూడందే వల ఉందని రాయొద్దు. ఒకే చోట కనిపించిన కలయిక పగులు కావచ్చు. బొగ్గు పొర ఆరి చిట్లినప్పుడు ఈనెల మధ్య అడ్డంగా సన్నటి పగుళ్లు వస్తాయి, అవి చూడ్డానికి వలలాగే ఉంటాయి. తేడా ఏమిటంటే పగులు ఈనెల మీదుగా కూడా కోసుకుపోతుంది, ఈనె అలా పోదు. ఒకదాని మీద ఒకటి పడి నొక్కుకుపోయిన రెండు ఆకుల ఈనెలు కలిసి కూడా దొంగ వలను పుట్టిస్తాయి. ఆకు అంచు రెండు గీతలుగా కనిపిస్తే అనుమానించాలి.

ఎక్కువమంది పప్పులో కాలేసేది గ్లాసోప్టెరిస్, గంగమోప్టెరిస్ మధ్య. గ్లాసోప్టెరిస్ నడిమి ఈనె ఒకే కడ్డీ కాదు, దగ్గర దగ్గరగా సాగే కొన్ని ఈనెల కట్ట. కొనవైపు పోయేకొద్దీ ఆ కట్ట పలచబడుతుంది. కాబట్టి కొన ముక్క ఒక్కటే దొరికితే నడిమి ఈనె లేదనిపిస్తుంది, అది గంగమోప్టెరిస్ అనుకుంటాం. దీనికి తలకిందులుగా, గంగమోప్టెరిస్ మధ్యలోని సమాంతర ఈనెలు గట్టిగా నొక్కుకుపోతే నడిమి ఈనెలాగా ఒక పట్టీ కనిపిస్తుంది. వాలు వెలుతురులో చూస్తే చాలావరకు తేలిపోతుంది. నిజమైన నడిమి ఈనె గట్టులాగానో గాడిలాగానో నీడ వేస్తుంది. ఒట్టి సమాంతర ఈనెల పట్టీ వేయదు, పైగా దాని ఈనెలు తమలో తామే కలుస్తూ ఉంటాయి. ఆకు కింది సగం లేకుండా ఈ రెండింటి మధ్య తీర్పు చెప్పకపోవడమే మేలు. గట్టుగా ఉందా గాడిగా ఉందా అన్నది చూసేటప్పుడు ఆకు పైవైపు కనిపిస్తోందా కింది వైపా, చేతిలో ఉన్నది ఆకా దాని ఎదురు ముద్రా అన్నది కూడా రాసుకోవాలి. ఈ నాలుగు కలగలిసిపోతే గట్టు గాడి అవుతుంది, గాడి గట్టవుతుంది.

ఇంకో సంగతి. రాతి పగుళ్ల మీద నల్లగా, ఫెర్న్ కొమ్మలా విచ్చుకున్న బొమ్మలు కనిపిస్తాయి. చాలామంది వాటిని శిలాజాలని దాచుకుంటారు. అవి మాంగనీసు ఆక్సైడు పేరుకున్న గుర్తులు. పొరల వెంటే కాక రాయి పగిలిన ముఖాల మీద కూడా ఉంటాయి, భూతద్దంలో మందం ఉండదు, ఈనెలు ఉండవు.

ఇంతదాకా వస్తే ప్రజాతి తేలినట్టే. తాల్చీర్ పొరల్లో గంగమోప్టెరిస్, నోగెరాతియోప్సిస్ ఎక్కువ. పైకి పోయేకొద్దీ గంగమోప్టెరిస్ తగ్గి గ్లాసోప్టెరిస్ రాజ్యమేలుతుంది. కాబట్టి ఒకే పొరలో దొరికిన అన్ని ఆకుల జాబితా ఒక్క ఆకు కంటే రాతి వయసు గురించి ఎంతో ఎక్కువ చెబుతుంది.

జాతి కోసం ఇక కొలతలు కావాలి. ఆకు పొడవు, గరిష్ఠ వెడల్పు, ఆ వెడల్పు అడుగునుంచి ఎంత ఎత్తులో వచ్చింది. నడిమి ఈనె వెడల్పు అడుగున, మధ్యలో, కొన దగ్గర. ఆకు సగం ఎత్తులో పక్క ఈనె నడిమి ఈనెతో చేసే కోణం, మళ్లీ అదే ఈనె అంచును తాకే చోట కోణం. ఈనెలు వంపు తిరుగుతాయి కనుక రెండూ రాయాలి. ఈనెల సాంద్రత కోసం ఈనెలకు అడ్డంగా 1 సెంటీమీటరు గీత గీసి, దాన్ని దాటే ఈనెలను లెక్కించాలి. నడిమి ఈనె పక్కన, మధ్యలో, అంచు దగ్గర, మూడు చోట్లా. చివరిగా వల గడుల పొడవు, వెడల్పు మిల్లీమీటర్లలో, ఆ మూడు చోట్లే. రాతి మీద గీయకూడదు. పెద్దదిగా ప్రింటు తీసిన ఫొటో మీద ట్రేసింగ్ కాగితం వేసి, పక్కన రాయి పెట్టుకుని చూస్తూ ఈనెలు గీస్తే చాలు. ఇలా చేత్తో గీసినప్పుడు కళ్లకు కనిపించేది వట్టి ఫొటో చూసి ఎప్పటికీ కనిపించదు.

ఈ కొలతల్లో నేను ఎక్కువ నమ్మేది గడుల ఆకారాన్ని. నడిమి ఈనె పక్కన వెడల్పుగా, పొట్టిగా, పలుభుజాలతో ఉండి, అంచువైపు పోయేకొద్దీ సన్నబడి సాగితే గ్లాసోప్టెరిస్ ఇండికా వైపు చూడాలి. ఆకంతటా గడులు సన్నగా, పొడవుగా, ఇరుకుగా, దట్టంగా ఉంటే కమ్యూనిస్. ఈనెలు తక్కువై గడులు బాగా పెద్దవిగా, వదులుగా ఉంటే కాన్‌స్పిక్యువా. ఆకు సన్నటి రిబ్బనులా ఉండి ఈనెలు నిటారుగా లేస్తే అంగుస్టిఫోలియా. కొన లోపలికి నొక్కుకుపోయి ఉంటే రెటూసా. అయితే కొన విరిగి గుండ్రంగా అరిగితే కూడా అలాగే కనిపిస్తుంది. ఆ చోట ఈనెలు కొనదాకా వంపు తిరిగి ముగిశాయా, లేక మధ్యలో తెగిపోయాయా అని చూడాలి.

ఒక్క ఆకుతో జాతిని తేల్చడం ఎందుకు కష్టమో అర్థం కావాలంటే ఊళ్లోని ఒక ఇప్పచెట్టు కిందికి వెళ్లి, ఆ ఒక్క చెట్టు నుంచే 30 ఆకులు కోసి పై కొలతలన్నీ తీయండి. లేత ఆకు, ముదురు ఆకు, నీడలోది, ఎండలోది పక్కపక్కన పెడితే ఎవరైనా వాటికి రెండు మూడు పేర్లు పెట్టగలరు. ఇప్ప ఆకులు కొమ్మ చివర గుత్తుగా వస్తాయి. గ్లాసోప్టెరిస్ ఆకులు కూడా కొమ్మల చివర గుత్తులుగా ఉండేవని దొరికిన శిలాజాల వల్ల తెలుస్తోంది. అంచేత ఒకే రాతిలో పక్కపక్కన పడ్డ చిన్న, పెద్ద ఆకులు ఒకే చెట్టువి అయ్యే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. ఆకారం తేడాలతోనే పాత రోజుల్లో పుట్టిన పేర్లు చాలా ఉన్నాయి. 1979లో శైలా చంద్ర, కె.ఆర్. సురంగే భారతదేశపు గ్లాసోప్టెరిస్ జాతులన్నింటినీ మళ్లీ పరిశీలించి వల లక్షణాల ఆధారంగా సరిదిద్దారు. ఇప్పటికీ మొదట పోల్చాల్సింది ఆ పనితోనే. ఫాల్టుల (నేల పొరలు విరిగి జరిగిన చోట్ల) దగ్గర దొరికిన రాళ్లలో ఇంకో చిక్కు ఉంది, రాయే నలిగిపోయి ఆకుల కోణాలు మారతాయి. ఒకే పలక మీద ఒక దిశలో పడ్డ ఆకులన్నీ సన్నగా, అడ్డంగా పడ్డవన్నీ వెడల్పుగా ఉంటే అది రాతి పని, జాతి భేదం కాదు.

బొగ్గు పొర మిగిలిన ఆకైతే ఇంకో సాక్ష్యం దొరుకుతుంది, క్యూటికిల్. ఆకు మీది మైనపు పొర ఇన్ని కోట్ల ఏళ్లు నిలుస్తుంది. దాన్ని విడదీయడానికి పొటాషియం క్లోరేటు, గాఢ నైట్రిక్ ఆమ్లం కలిపిన షుల్జ్ ద్రావణం వాడతారు. నల్లటి ముక్క గోధుమ రంగుకు, తర్వాత తేనె రంగుకు తిరిగేదాకా మధ్యమధ్య మైక్రోస్కోపులో చూస్తూ ఉంచుతారు. తర్వాత కడిగి, పలుచటి అమ్మోనియాలో గానీ పొటాష్‌లో గానీ వేస్తే నల్లటి పదార్థం కరిగి క్యూటికిల్ మిగులుతుంది. తొందరపడి ముందే తీస్తే ఏమీ కనిపించదు, ఎక్కువసేపు ఉంచితే ముక్కంతా కరిగిపోతుంది. రాతి రేణువులు పోవడానికి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం కూడా వాడతారు. అది చర్మం మీద పడితే ఎముకదాకా దిగుతుంది. ఇదంతా ఫ్యూమ్ హుడ్ (విషపు ఆవిర్లను బయటికి లాగేసే పెట్టె) ఉన్న ప్రయోగశాలలో, నేర్చినవాళ్లు చేసే పని. ఇంట్లో చేయొద్దు. మన వంతు పని ఆ బొగ్గు పొరలో 1 చదరపు సెంటీమీటరైనా దేనికీ ముట్టకుండా, పూతలేవీ లేకుండా మిగిల్చి పంపడం. క్యూటికిల్‌లో పత్రరంధ్రాలు ఏ వైపు ఉన్నాయి, వాటి చుట్టూ కణాలెన్ని, కణాల గోడలు తిన్నగా ఉన్నాయా అలల్లా ఉన్నాయా అని చూస్తారు. ఈనెలు ఒకేలా ఉన్న రెండు ఆకులకు క్యూటికిల్ వేరుగా ఉండొచ్చు. అలాంటప్పుడు క్యూటికిల్ మాటే బలమైనది.

జాతి పేరు ఖాయమైనా, అది ఆకు పేరే తప్ప చెట్టు పేరు కాదు. 1828లో ఫ్రెంచ్ వృక్షశాస్త్రవేత్త అడాల్ఫ్ బ్రోనియార్ ఈ ప్రజాతికి పేరు పెట్టినప్పుడు దీన్ని ఫెర్న్ అనుకున్నారు. 1952లో దక్షిణాఫ్రికా శాస్త్రవేత్త ఎడ్నా ప్లమ్‌స్టెడ్ ఆకులకు అంటుకునే ఉన్న పునరుత్పత్తి భాగాలను వివరించాక ఆ అభిప్రాయం నిలవలేదు. ఇది విత్తనాలు వేసే చెట్టు. దాని వేరుకు వర్టిబ్రేరియా అని విడిగా పేరుంది. గళ్లు గళ్లుగా విడిపోయినట్టుండే ఆ వేరు ఇక్కడి షేల్‌లో కూడా కనిపిస్తుంది. ఫలభాగాలకు స్క్యూటమ్, ఒట్టోకారియా లాంటి పేర్లు మళ్లీ వేరు. ఆకుతో కలిసి, అంటుకుని దొరికితేనే ఫలానా ఫలం ఫలానా ఆకుది అని చెప్పగలం. ఒకే రాతిలో పక్కన ఉండటం సరిపోదు. అందుకే ఆకు పక్కన చిన్న పొలుసులాంటి ఆకులు, గింజలు, వేరు ముక్కలు ఏవి కనిపించినా పారేయొద్దు, ఆకు కంటే అవే విలువైనవి కావచ్చు.

ఈ పేర్లు ఎంత దూరం పోతాయో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగి వస్తూ చనిపోయిన బ్రిటిష్ అన్వేషకుడు రాబర్ట్ స్కాట్ బృందం చివరిదాకా బండి మీద లాగిన సుమారు 16 కిలోల రాళ్లలో ఆకు శిలాజాలున్నాయి. వాటిని 1914లో వృక్షశాస్త్రవేత్త ఆల్బర్ట్ సీవార్డ్ గ్లాసోప్టెరిస్ ఇండికాగా గుర్తించారు. అంటార్కిటికాకూ మన నేలకూ అప్పట్లో ఒకే ఖండంగా ఉన్న బంధానికి ఆ ఆకులు బలమైన సాక్ష్యమయ్యాయి. ఆ ఖండానికి గోండ్వానా అన్న పేరు ఈ గోండుల సీమ నుంచే వెళ్లింది. 1872లో భూవిజ్ఞాని మెడ్లికాట్ ఇక్కడి రాళ్లకు ఆ పేరు పెట్టారు, తర్వాత ఇంకో భూవిజ్ఞాని ఎడ్వర్డ్ సూయెస్ దాన్ని ఖండానికి వాడారు. రాజురా గుట్టల్లో పిల్లలు ఆడుకునే రాతి పలక ఆ పేరుకు మూలమైన నేలది. దాన్ని జాగ్రత్తగా చూడాలని అడగడం ఎక్కువేమీ కాదు.

లేబుల్ మీద పేరు ఎలా రాయాలన్నది చివరి పని. కొన, అడుగు, వల మూడూ స్పష్టంగా ఉండి, అదే పొరలో దొరికిన పది పన్నెండు ఆకులు ఒకే లక్షణాలు చూపిస్తే జాతి పేరు పూర్తిగా రాయండి. వల సరిపోయి కొన లేకపోతే ప్రజాతి, జాతి పేర్ల మధ్య సి.ఎఫ్. అని చేర్చండి, అంటే పోల్చదగినది అని. నడిమి ఈనె, వల ఉండి గడుల ఆకారం అరిగిపోతే గ్లాసోప్టెరిస్, జాతి తేలలేదు అని రాయండి. ముతక ఇసుకరాతిలో ముద్ర మాత్రమే ఉండి వల కనిపించకపోతే గ్లాసోప్టెరిడ్ ఆకు అన్న మాట దగ్గరే ఆగండి. ఏదీ సరిపోలనిది కొత్త జాతి అని ప్రకటించేముందు చాలా ఆగాలి. కొత్త పేరుకు వివరణ, బొమ్మ, ఒక సంస్థలో భద్రపరిచిన ప్రామాణిక నమూనా, పాత జాతులన్నిటితో పోలిక కావాలి.

మీ దగ్గర రెండు సగాలూ, లేబులూ, స్కేలుతో తీసిన ఫొటోలూ, కొలతల పట్టికా ఉంటే వాటిని నాగ్‌పూర్‌లోని భారత భూవైజ్ఞానిక సర్వే కార్యాలయానికి గానీ, లక్నోలోని బీర్బల్ సాహ్ని ఇన్‌స్టిట్యూట్‌కి గానీ ముందు ఫొటోలుగా పంపి అడగండి. రాయిని పంపమంటేనే పంపండి. పంపేటప్పుడు ఆ రెండు సగాలనూ వేర్వేరుగా చుట్టి, ఆకు ముఖాలు ఒకదానికొకటి తగలకుండా మధ్యలో దూదిగానీ మెత్తటి కాగితంగానీ పెట్టండి. నంబరు కాగితం మీదే కాక రాతి వెనకవైపు కూడా రాయండి.